సైరన్ వినపడని రాత్రి

108 బండి సైరన్ మోగుతూనే ఉంది. డ్రైవర్ హారన్ మీది చెయ్యి తీయడం లేదు. దానికి ఇరవై అడుగుల ముందు, రోడ్డుకు అడ్డంగా బైకు పెట్టుకుని కూర్చున్న కుర్రాడు మాత్రం వెనక్కి తిరగలేదు. కావాలని కాదు, అతనికి వినపడలేదు. చుట్టూ అరవై డెబ్బై బండ్లున్నాయి. సగం బండ్లకు సైలెన్సర్ పేరుకే ఉంది, లోపల ఏమీ లేదు. అందరూ నిలబడ్డచోటే రేజ్ చేస్తున్నారు. పక్కన ట్రాక్టర్ మీద డీజే బాక్సులు. రోడ్డు పక్క కిరాణా కొట్టు మెట్ల మీద నిలబడి ఇదంతా చూస్తున్న నా గుండెల్లోనే దడదడ పుట్టింది. చివరికి ఒక పెద్దాయన గుంపులో దూరి ఆ కుర్రాడి భుజం తడితే అతను తిరిగి చూశాడు. చూడగానే బిత్తరపోయాడు. బండి పక్కకు లాగాడు, స్నేహితులనూ లాగాడు. దారి దొరికేసరికి నాలుగు నిమిషాలు పోయాయి. లోపల ఎవరున్నారో, ఆ నాలుగు నిమిషాలు వాళ్లకేం ఖరీదైందో నాకు తెలియదు.

ఆ కుర్రాడి మొహం నాకింకా కళ్లముందే ఉంది. అతను చెడ్డవాడు కాదు. విన్న మరుక్షణం దారి ఇచ్చిన మనిషి. అతనికి వినికిడి లేకుండా చేసింది అతని చేతిలోని యాక్సిలరేటరే.

ఈ డిసెంబరు 31 రాత్రి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల్లో మళ్లీ ఇదే జరగబోతోందని భయంతో రాస్తున్నాను. పన్నెండు కొట్టేసరికి చౌరస్తా నడిమధ్యలో కేకు, చుట్టూ వందల మంది, మెయిన్ రోడ్డు మీద వరుసగా బైకులు. దీనికి ఎవరూ అనుమతి అడగరు. వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ తిరుగుతుంది, అంతే. ఈ ఒక్క రాత్రితో అయిపోయే సంగతి కూడా కాదు. పుట్టినరోజులు, గెలుపు ర్యాలీలు, సినిమా విడుదలలు, నిమజ్జనాలు ఏడాది పొడుగునా ఉంటాయి. అందుకే ముందుగా చెబుతున్నాను: సైలెన్సర్ పీకిన ఆ బండ్లు బయటికి తీయొద్దు. తీసేవాళ్లను ఆపండి.

సైలెన్సర్ సంగతి తెలియక చాలామంది దాన్ని ఒట్టి పొగగొట్టం అనుకుంటారు. దాని లోపల చిల్లుల గొట్టాలుంటాయి, అడ్డపలకలుంటాయి. ఇంజిన్‌లో పేలిన వాయువు దెబ్బను అవి ముక్కలు ముక్కలు చేసి, మెత్తబరిచి బయటికి పంపుతాయి. కొత్త బండ్లలో పొగలోని విషాన్ని తగ్గించే భాగం కూడా ఆ దారిలోనే ఉంటుంది. మెకానిక్ షాపులో వాటిని పీకేసి ఖాళీ గొట్టం బిగిస్తే ప్రతి పేలుడూ నేరుగా వీధిలోకి వస్తుంది. ఇంకొందరు నడుస్తున్న బండి తాళం ఆపి, మళ్లీ ఆన్ చేస్తారు. ఆ సందులో కాలకుండా పోయిన పెట్రోలు వేడి గొట్టంలో అంటుకుని 'ఠాప్' మని పేలుతుంది, ఒక్కోసారి మంట కూడా బయటికి వస్తుంది. ఆ మంట వచ్చే ఎత్తు ఎంతో ఒకసారి ఆలోచించండి. పక్కన నిలబడ్డ ఆడపిల్ల చున్నీ అంచు ఎత్తు. తండ్రి చెయ్యి పట్టుకుని వేడుక చూడటానికి వచ్చిన అయిదేళ్ల పిల్లవాడి మొహం ఎత్తు.

ఇక్కడొక లెక్క ఉంది, దాన్ని ప్రతి ర్యాలీ నిర్వాహకుడూ తెలుసుకోవాలి. 175 సీసీ దాటిన మోటార్ సైకిల్ కంపెనీ నుంచి బయటికొచ్చేటప్పుడు 80 డెసిబెల్స్ మించకూడదు. 80 నుంచి 175 సీసీ వరకు హద్దు 77. ఏడున్నర మీటర్ల దూరంలో మైకు పెట్టి కొలుస్తారు. డెసిబెల్ అంకె మామూలు కూడికలా పెరగదు. ఒకేలాంటి బండి ఇంకొకటి తోడైతే 3 పెరుగుతుంది. పది బండ్లయితే 10, వంద బండ్లయితే 20. అంటే ఒక్క బండికీ సైలెన్సర్ మార్చకుండా, అన్నీ చట్టం ప్రకారమే ఉన్న వంద బైకులను ఒకచోట చేర్చి ఒక్కసారి రేజ్ చేసినా, ఒకే దూరం నుంచి వినేవాడికి అది 80 నుంచి 100 దగ్గరికి చేరుతుంది. 10 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పది రెట్లు, 20 పెరిగితే వంద రెట్లు. ఒక్క బైకు తప్పు చేయకపోయినా గుంపు తప్పు చేస్తుందన్నమాట. సైలెన్సర్లు మార్చినవి కూడా అందులో కలిస్తే సైరన్ ఏ మూలకు వినపడుతుంది? బ్రేకు పడక వెనక నుంచి లారీవాడు కొట్టే హారన్ ఎవరి చెవిన పడుతుంది? కింద పడ్డవాడి కేక?

ఆ చివరి ప్రశ్న ఊరికే వేసింది కాదు. మన దేశంలో శబ్ద కాలుష్యం మీద సుప్రీంకోర్టు 2005 జులై 18న ఇచ్చిన పెద్ద తీర్పు అలాంటి ఒక కేక నుంచే మొదలైంది. పదమూడేళ్ల బాలిక మీద అత్యాచారం జరిగింది. సాయం కోసం ఆ పిల్ల అరిచిన అరుపులు పక్కనే మోగుతున్న లౌడ్‌స్పీకర్ పాటల్లో కలిసిపోయాయి, ఎవరికీ వినపడలేదు. తర్వాత ఆ పిల్ల ఒంటికి నిప్పంటించుకుంది. ఆ వార్త చదివి తట్టుకోలేక ఒక పౌరుడు కోర్టుకు వెళ్లాడు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ ఎందుకు వద్దన్నారని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది ఆ పిల్లే. పక్కింటివాళ్ల నిద్ర సంగతి ఆ తర్వాత.

చట్టంలో ఏముందో సూటిగా చెబుతాను. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం, అక్కడ పగలు 50, రాత్రి 40. రాత్రిపూట నివాస ప్రాంతాల్లో, నిశ్శబ్ద మండలాల్లో అత్యవసరమైతే తప్ప హారన్ కూడా కొట్టకూడదు. మైకు పెట్టాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ రెండో భాగం కింద శబ్ద ప్రమాణాలు మీరిన బండి నడిపితే మొదటిసారి 3 నెలల దాకా జైలు లేదా 10,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. కంపెనీ ఇచ్చిన బండి రూపాన్ని మార్చితే యజమానికి 6 నెలల దాకా జైలు లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా లేదా రెండూ. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 6 నెలల దాకా జైలు లేదా 10,000 లేదా రెండూ. దారికి అడ్డంపడి జనానికి ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ ఉంది. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే 106వ సెక్షన్, అయిదేళ్ల దాకా శిక్ష. అక్కడికక్కడ రాసే చలాన్ చూసి 'ఇంతేనా' అనుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కేసు కోర్టుకు వెళితే పడే శిక్ష వేరు. రేపు పాస్‌పోర్టుకో ఉద్యోగానికో పోలీస్ వెరిఫికేషన్ వచ్చినప్పుడు బయటపడేది ఆ కేసే.

ఇప్పుడు మన మూడు ఊళ్లు. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుంచి విడివడి జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, మెడికల్ కాలేజీలు వచ్చాయి: మహబూబాబాద్‌కు 2022లో, జనగామకు, భూపాలపల్లికి 2023లో. రోడ్లు మాత్రం చాలాచోట్ల తాలూకా నాటివే. తల పగిలిన మనిషిని, గుండె ఆగబోతున్న మనిషిని ఇప్పటికీ చాలాసార్లు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, హైదరాబాద్‌కో పంపాల్సిందే. మూడు ఊళ్ల నుంచీ ఎంజీఎం 60 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆ ప్రయాణం మొదలయ్యేది మన చౌరస్తాలోనే. అక్కడ పోయిన అయిదు నిమిషాలను హైవే మీద ఏ డ్రైవరూ తిరిగి తేలేడు.

జనగామలో చంపక్ హిల్స్ మాతాశిశు ఆసుపత్రి ఉంది. చుట్టుపక్కల మండలాల నుంచి నొప్పులు పడుతున్న ఆడవాళ్లను ఆటోలో, 108లో అక్కడికి తెస్తారు. కాన్పు నొప్పులు డిసెంబరు 31 అని చూసి ఆగవు. హైదరాబాద్ నుంచి వరంగల్ వైపు వెళ్లే 163వ జాతీయ రహదారి ఈ జిల్లా మీదుగానే పోతుంది. ఊళ్లో ర్యాలీ అయ్యాక కుర్రాళ్లు ఒక రౌండు వేద్దామని ఎక్కేది ఆ రోడ్డే. అక్కడ తాగి నడిపేవాళ్లతో, ముగ్గురు ముగ్గురు ఎక్కిన బండ్లతో పాటు గంటకు వంద దాటిన కార్లు కూడా ఉంటాయి.

మహబూబాబాద్‌ను, అంటే మన మానుకోటను, రైలు పట్టాలు రెండుగా చీల్చాయి. పట్టాలకు అటు నుంచి ఇటు రావడానికి ఉన్న దారులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో ఒక్కటి మూసుకుపోయినా ఊరు రెండు ఊళ్లవుతుంది. నెహ్రూ సెంటర్‌లో నాలుగు వందల మంది చేరితే ఎక్కడో గుమ్ముడూరు వైపు ఇంట్లో ఆయాసపడుతున్న ముసలమ్మకు దాని దెబ్బ తగులుతుంది. రోడ్డు మీదున్నవాళ్లకు ఆ సంగతి తెలిసే దారే లేదు.

భూపాలపల్లి కథ ఇంకొకటి. అక్కడ బొగ్గు లారీ ఉంది, గోదావరి ఇసుక లారీ ఉంది, చెల్పూరు థర్మల్ కేంద్రం ఉంది. ఎత్తయిన క్యాబిన్‌లో కూర్చున్న లారీ డ్రైవర్‌కు బండి ముక్కు కిందికి వచ్చిన బైకు కనపడదు. అతనికి ఉన్న ఆధారం హారన్, అవతలివాడి చెవి. ఆ చెవి మూసుకుపోతే ఇద్దరికీ దిక్కు లేదు. ఇంకొక మాట సింగరేణి కుటుంబాలు చెప్పకుండానే నేను చెప్పాలి. గనిలో రాత్రి షిఫ్టు చేసి తెల్లారి ఇంటికి వచ్చే కార్మికుడికి పగలే రాత్రి. రాత్రి పదింటి నిబంధన అతన్ని కాపాడదు. అతన్ని కాపాడాల్సింది పగటి హద్దు 55 డెసిబెల్స్. దాన్ని మన ఊళ్లలో పట్టించుకునే వాళ్లు లేరు. నిద్ర చాలని మనిషి మళ్లీ రాత్రికి భూమి లోపలికి దిగుతాడు. కాలనీ వీధిలో మధ్యాహ్నం రెండింటికి ఠాప్ ఠాప్ మనిపించుకుంటూ పోయే పిల్లవాడికి తన తండ్రో మేనమామో ఆ గనిలో ఉన్నాడన్న సంగతి గుర్తు రావాలి.

'అయితే జనం కూడవద్దా?' అని అడిగేవాళ్లున్నారు. కూడాలి. ఈ మాట ఈ నేలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఊరేగింపులోనే. ఆ ఊరు ఇవాళ జనగామ జిల్లాలోనే ఉంది. ఐలమ్మ పాలకుర్తీ ఈ జిల్లాదే. తెలంగాణ ఉద్యమంలో 2010 మే 28న మానుకోట స్టేషన్ దగ్గర జనం ఎలా కూడారో చూసిన కళ్లు ఇంకా ఉన్నాయి. జయశంకర్ సార్ పేరు పెట్టుకున్న జిల్లా భూపాలపల్లి. కడవెండి ఊరేగింపు గొంతుతో నడిచింది. నినాదం అవతలివాడికి వినపడాలని వేస్తాం, అతను జవాబు చెప్పాలని వేస్తాం. పీకేసిన సైలెన్సర్ ఎవరితోనూ మాట్లాడదు, ఎవరినీ మాట్లాడనివ్వదు.

శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది, దానిమీద సహేతుకమైన ఆంక్షలు పెట్టే వీలూ అక్కడే ఉంది. అనుమతి తేలిగ్గా దొరకదన్న ఫిర్యాదును నేను కొట్టిపారేయను. 2022 ఆగస్టులో జనగామ జిల్లాలో బండి సంజయ్ పాదయాత్రను పోలీసులు ఆపితే హైకోర్టు అనుమతించాకే సాగింది. 2024 నవంబరులో మానుకోటలో బీఆర్‌ఎస్ మహాధర్నాకు మొదట అనుమతి దొరకలేదు, హైకోర్టు షరతులతో ఒప్పుకున్నాక 25న జరిగింది. రెండుసార్లూ అధికారంలో ఉన్న పార్టీ వేరు, ఆగిన పార్టీ వేరు. పోలీసులు దరఖాస్తు తీసుకుని చివరి రాత్రి దాకా నాన్చి 'లేదు' అంటే మరుసటిసారి ఎవరూ అడగరు, నేరుగా రోడ్డెక్కుతారు. దరఖాస్తుకు రశీదు ఇవ్వండి, రెండు మూడు రోజుల్లో జవాబు ఇవ్వండి, కాదంటే కారణం రాసివ్వండి. జనగామ వరంగల్ కమిషనరేట్ కింద, మిగతా రెండూ జిల్లా ఎస్పీల కింద ఉన్నాయి. మూడుచోట్లా పద్ధతి ఒక్కటిగా ఉంటే మంచిది.

పూర్తిగా మూసేయడమూ నిలవదు. కందుకూరులో 2022 డిసెంబరు 28న తొక్కిసలాటలో ఎనిమిది మంది, గుంటూరులో 2023 జనవరి 1న ముగ్గురు చనిపోయాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ జీవో 1 తెచ్చింది. 2023 మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. జీవో పోయింది, కానీ ఆ పదకొండు ప్రాణాలు ఎందుకు పోయాయన్న ప్రశ్న అలాగే ఉంది. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ఒక తల్లి చనిపోయింది, కొడుకు ఆసుపత్రి పాలయ్యాడు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది. అదే ఏడాది సెప్టెంబరు 27న తమిళనాడు కరూర్‌లో 41 మంది. తొక్కిసలాట గురించి తెలిసినవాళ్లు చెప్పేది ఒకటే: ముందు నలుగుతున్నవాళ్ల సంగతి వెనక తోస్తున్నవాళ్లకు తెలియదు. 'ఆగండి' అన్న మాట వెనక్కి చేరాలి. ఆ మాటను డీజే మింగేస్తే, సైలెన్సర్లు మింగేస్తే మధ్యలో ఉన్నవాళ్ల గతి ఏమిటి? అనుమతి కాగితం పనికొచ్చేది ఇక్కడే. ఎంతమంది, ఏ దారి, అంబులెన్సు ఎటు పోవాలి, మైకు ఎవరి చేతిలో ఉంటుంది, ఎప్పుడు ఆపాలి అనే అయిదు సంగతులు ముందే ఒకరి నెత్తిన బాధ్యతగా పడతాయి.

పోలీసులకు కూడా కటువుగానే చెప్పాలి. ఏడాదికోసారి పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలర్ ఎక్కించి ఫొటో ఇవ్వడం మన పట్టణాల్లో అలవాటైంది. మంచిదే. కానీ ఆ సైలెన్సర్ అమ్మిన షాపు మర్నాడు పొద్దున మళ్లీ తెరిచే ఉంటుంది. 2022 మార్చిలో పెండింగ్ చలాన్లలో బైకులకు 75 శాతం మాఫీ చేశారు, 2023 డిసెంబరులో 80 శాతం. కట్టకుండా ఆగినవాడికి లాభం, వెంటనే కట్టినవాడికి నష్టం. ఆ పాఠం కుర్రాళ్లు బాగా నేర్చుకున్నారు. గుంపు కూడాక మధ్యలోకి దూరి బైకులు లాక్కోవడం ప్రమాదకరం, తొక్కిసలాటకు అదే నిప్పురవ్వ కావచ్చు. ఆ పని సాయంత్రం ఆరింటికే, ఊరి పొలిమేర చెక్‌పోస్టుల దగ్గర, పెట్రోల్ బంకుల దగ్గర చేయాలి. చౌరస్తాలో పన్నెండింటికి చేయాల్సింది ఒక్కటే: అంబులెన్సు దారిని తాళ్లు కట్టి ఖాళీగా ఉంచడం. హైదరాబాద్‌లో 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు పెద్ద గొడవ అవుతుందన్నారు. డప్పులతో, బ్యాండుతో ఊరేగింపులు సాగుతూనే ఉన్నాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. పద్దెనిమిది నిండని పిల్లవాడి చేతికి తాళం ఇచ్చి అతను ఏదైనా చేస్తే, 199-ఏ సెక్షన్ కింద బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఈ అంకెలు చెప్పి భయపెట్టాలని నాకు లేదు, కానీ భయం పనిచేస్తే పని చేయనివ్వండి. అమ్మా, నాయనా, ఈ సాయంత్రం ఒకసారి బయటికి వెళ్లి ఇంటి ముందున్న బండిని స్టార్ట్ చేసి వినండి. కొన్నప్పటి శబ్దం మీకు గుర్తుంటుంది.

రోడ్డు మీద ఉండక తప్పనివాళ్లు గుంపు కనబడగానే దారి మార్చుకోండి, మధ్యలోంచి తోసుకుపోవద్దు. రోగిని తీసుకెళ్లేవాళ్లు 108కు ఫోన్ చేసినప్పుడే ఏ చౌరస్తా మూసుకుపోయిందో చెప్పండి. గొడవ కనబడితే 100కు గానీ 112కు గానీ చేయండి, వీడియో తీసి గ్రూపులో పెట్టడం తర్వాత. గుంపులో ఉన్న తమ్ముళ్లూ, ప్రతి పది నిమిషాలకు ఒకసారి ఇంజిన్లన్నీ ఆపించండి. ఒక్క నిమిషం చాలు, వెనక ఏదైనా సైరన్ మోగుతుంటే వినపడుతుంది.

మన ఊళ్లలో ఏ మెకానిక్ షాపుకు వెళ్లినా గోడకు కొన్ని ఒరిజినల్ సైలెన్సర్లు వేలాడుతూ కనిపిస్తాయి. మార్పించుకున్న కుర్రాళ్లు ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే పనికొస్తుందని అక్కడే వదిలి పోతారు. దుమ్ము పట్టి ఉంటాయి, కొన్నింటి మీద బండి నంబరు సుద్దతో రాసి ఉంటుంది. నాలుగు బోల్టులు. మెకానిక్‌కు అరగంట పని. 31వ తేదీ సాయంత్రం షాపు మూసేలోపు వెళ్లి బిగించుకోండి.